ఎద్దు సింహాసనమెక్కిన ఏడాది

జిమ్మె అంటే ఏమిటి?

రెండువేల సంవత్సరం దాటాక, నా ఉద్యోగం చివరికొచ్చిన రోజుల్లో, ఆదిలాబాద్‌లో పంతుళ్ళకు శిక్షణ ఇచ్చే పని నాకు అంటగట్టారు. చదివింది పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం ఎట్లా అన్నది విషయం. హాలు పక్కనే జిన్నింగు మిల్లు. దూది కిటికీలోంచి వచ్చి మా తలల మీద వాలేది. పూట తిరిగేసరికి అందరం రిటైరైన వాళ్ళలా కనిపించేవాళ్ళం. మొదటి రోజు నేను ఉపన్యాసం ఇవ్వలేదు. బోర్డు మీద మూడు వాక్యాలు రాశాను.

“మాగేలు నిన్న రెండు జిమ్మెలను తొడిపెను. చిన్న జిమ్మె కస్సిలములో నుండెను. పెద్ద జిమ్మె మాగేలును చూచి గుడిలెను.”

కింద ప్రశ్నలు. మాగేలు ఎన్ని జిమ్మెలను తొడిపెను? చిన్న జిమ్మె ఎక్కడ నుండెను? పెద్ద జిమ్మె ఏమి చేసెను? ఈ పాఠము వలన మీరు గ్రహించిన నీతి ఏమి?

అందరూ రాశారు. మొదటి మూడూ అందరివీ ఒప్పే. నీతి దగ్గర కొంత తేడా వచ్చింది. పెద్దలను గౌరవించవలెనని కొందరు, పరిశుభ్రత పాటించవలెనని కొందరు. ఒకాయన మూగజీవులను హింసించరాదని రాసి కింద గీత కూడా గీశాడు.

ఆ మాటలు నేను పొద్దున చాయ్ తాగుతూ పుట్టించినవి. ఏ ఒక్కదానికీ అర్థం లేదు.

ఒకే ఒక్క కాగితం ఖాళీగా వచ్చింది. అది మహారాష్ట్ర సరిహద్దు ఊరి నుంచి వచ్చిన ఒక సారుది. ఆయన లేచి నిలబడి, “మాఫ్ చెయ్యుండ్రి సార్. మా ఇంట్ల మరాఠీ. నాకు తెలుగు జర తక్కువ. జిమ్మె అంటే ఏందో నాకు సమజ్ కాలే” అన్నాడు. హాలంతా ఆయనను జాలిగా చూసింది.

“నాక్కూడా తెల్వది” అన్నాను నేను.

 మూగజీవుల సారు తన కాగితం వెనక్కి ఇమ్మని అడిగాడు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలకు చెప్పవలసింది నా దగ్గర ఇంతకన్నా పెద్దగా లేదు. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, బదిలీ కోసం ఎవరెవరికి నమస్కారం పెట్టానో రాసి మిమ్మల్ని నిద్రపుచ్చను. అర్థం కాకుండానే చదవొచ్చు, జవాబులు రాయొచ్చు, పాసు కావొచ్చు, ఆఖరికి పంతులు కూడా కావొచ్చు. ఇది నాకు మొదటి ఉద్యోగంలోనే తెలిసింది. తెలిసిన రోజు తగిలిన దెబ్బ ఇంకా పూర్తిగా మానలేదు.

చిరుతల బడి

డెబ్బైల్లో మాట. నాకు ఇరవై రెండేళ్ళు. చొప్పదండికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఒక ఊరు. దానికో పెంకుటింటి బడి. దానికి పెద్దసారు వీరేశం గారు. ఆయనకు ఊళ్ళో ఇంకో హోదా ఉండేది. ఆయన చిరుతల ఆటకు గురువు. రెండు చేతుల్లో చిన్న చెక్కలు పట్టుకుని, వాటిని తాళంగా కొడుతూ, గుండ్రంగా అడుగులు వేస్తూ కథ పాడే ఆట అది. పంటలు ఇంటికి చేరాక ఊరు ఊరంతా కూర్చుని చూసేది. వీరేశం సారు నేర్పిన మేళం అడుగేస్తే పక్క ఊళ్ళవాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చేవారు.

ఆ చిరుతలు మెల్లగా బడిలోకి కూడా వచ్చేశాయి. ఐదో తరగతి తెలుగు వాచకం మొత్తాన్ని సారు తాళానికి కట్టారు. వచన పాఠాలను కూడా! ఆయన బల్ల దగ్గర నిలబడి చిరుతలు టకటకమనిపిస్తే, పిల్లలందరూ ఒక్క గొంతుతో పాఠం చదివేవారు. కామా దగ్గర ఒక దెబ్బ, చుక్క దగ్గర రెండు. దారిన పోయేవాళ్ళు గోడ దగ్గర ఆగి వినేవారు. సర్పంచి ఇంటికి చుట్టాలొస్తే చూపించడానికి ఊళ్ళో ఉన్నది ఆ చదువొక్కటే.

మొదటి రోజు నేను కూడా నోరు తెరుచుకుని విన్నాను. కుమ్మరివాడి పాఠం. కుండలన్నీ వానకు కరిగిపోతే కుమ్మరి కూర్చుని ఏడుస్తాడు. ఆ ఏడుపు కూడా తాళంలోనే అద్భుతంగా సాగింది. అయిపోయాక, ఊరికే మాట కలుపుదామని, ముందు వరుసలో అందరికన్నా గట్టిగా చదివిన పిల్లవాణ్ణి అడిగాను.

“కుమ్మరి ఎందుకు ఏడ్చిండురా?”

వాడు అటూ ఇటూ చూశాడు. “ఎవలు ఏడ్వలే సార్. మేం చదివినం, గంతే.”

“పాఠంల ఉన్నది గదరా.”

“గది రాగంల లేదు సార్” అన్నాడు వాడు, నా అమాయకత్వానికి నొచ్చుకుని.

నేను తరగతి మొత్తాన్నీ అడిగాను. ఒక్కరికీ తెలియదు. అంతమంది పిల్లలు, అంత కంఠం, లోపల ఎవరూ లేరు. తలుపు తెరిచి చూస్తే ఇల్లు ఖాళీగా ఉన్నట్టు అనిపించింది. పరుగున పెద్దసారు దగ్గరికి వెళ్ళాను.

ఆయన తాపీగా పాన్ నములుతూ, “భూమయ్యా, ముందుగాల నోరు తిరగాలె. అర్థం అదే వస్తది, వయసుకు మీసాలొచ్చినట్టు” అన్నారు.

మరి ఆడపిల్లల సంగతి ఏమిటని అడగబోయి, ఉద్యోగం కొత్త కనుక ఆగాను.

వీరేశం సారును మీరు చెడ్డవాడనుకోవద్దు. ఆయన పిల్లలను కొట్టేవారు కాదు, బడి ఎగ్గొట్టేవారు కాదు. పశువులు కాసే పిల్లలు కూడా ఆ తాళం కోసమే బడికి వచ్చేవారు. అంత ప్రేమతో, అంత కష్టపడి, అంత తప్పుగా నేర్పడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఆగే పిల్ల

ఆ తరగతిలో రాజమణి అని ఒక పిల్ల ఉండేది. చదువుతూ చదువుతూ ఆగిపోయేది. తాళం ముందుకు పోయేది, రాజమణి వెనక ఉండిపోయేది. చిరుతల ఆటలో అడుగు ఆగిందంటే వెనకవాడు వచ్చి మీద పడతాడు. కనుక పెద్దసారు దృష్టిలో ఆగడాన్ని మించిన నేరం లేదు. రాజమణిని తీసుకెళ్ళి మంచినీళ్ళ కుండ పక్కన కూర్చోబెట్టారు. అందరూ చదువుతుంటే ఆమె పెదవులు మాత్రం కదపాలి.

రాజమణి తండ్రి కాడెద్దుల్లో ఒకదాన్ని వారపు అంగడిలో అమ్మి, ఆ డబ్బు ఏజెంటు చేతిలో పెట్టి, దుబాయి పోయాడు. తల్లి లచ్చవ్వ బీడీలు చేసేది. ఒళ్ళో చాట, చాటలో తడిపిన తునికాకు, తంబాకు, కత్తెర, దారం. పొద్దంతా చుట్టినా కార్ఖానావాడు అడిగిన కట్టలు పూర్తయ్యేవి కావు. పక్కన ఇంకో జత చేతులుంటే పూర్తవుతాయి. ఆ చేతులు బడిలో కుండ పక్కన కూర్చుని ఉన్నాయి.

ఈ సంవత్సరం రాజమణిని ఐదులోనే ఆపేస్తానని పెద్దసారు లచ్చవ్వకు కబురు పెట్టారు. లచ్చవ్వ నన్ను దారిలో ఆపి అడిగింది.

“సారూ, నా బిడ్డకు సదువు వస్తదా, రాదా? ఉన్నదున్నట్టు చెప్పు. రాదంటే నేను ఇంకో చాట కొంట.”

నాకు తెలియదు. ఆ పిల్ల గొంతు నేను అప్పటికి వినలేదు.

ఆ వారంలోనే పెద్దసారు పని మీద కరీంనగర్ వెళ్ళారు. ఐదో తరగతి నాకు అప్పగించారు, చిరుతలు మాత్రం ఇంటికి తీసుకెళ్ళారు. తాళం లేకపోయేసరికి పిల్లలు చెప్పుల్లేకుండా ముళ్ళలో నిలబడ్డట్టు నిలబడ్డారు. సరే అని రాజమణిని చదవమన్నాను. మల్లయ్య ఎద్దు పాఠం. ఆమె ఒక్కొక్క మాటనూ చేత్తో తడిమి చూసుకుంటున్నట్టు చదివింది.

“మల్లయ్య తన ఎద్దును తోలుకొని అంగడికి బయలుదేరెను. వాగు దాటిన పిమ్మట ఎద్దు మల్లయ్య వైపు తిరిగి చూచెను. అప్పుడు ఎద్దు... సింహాసనముపై కూర్చుండి మంత్రిని పిలిచి...”

ఆగింది.

“చదువు బిడ్డా.”

“సార్, ఎద్దు సింహాసనం మీద ఎట్ల కూసుంటది?”

తరగతి గొల్లుమంది. నేను కూడా నవ్వాను, ఎద్దు మంత్రిని ఏమని పిలిచి ఉంటుందోనని. నవ్వుతూనే పుస్తకం అందుకుని చూశాను. ఇరవై నాలుగో పేజీ తర్వాత ముప్పై మూడో పేజీ ఉంది. కుట్టేటప్పుడు ఎక్కడో మధ్య పేజీలు జారిపోయాయి. మల్లయ్య పాఠం సగంలో తెగి, రాజుగారి పాఠం సగంలో అతుక్కుంది. పక్క పిల్లవాడి పుస్తకం చూశాను. అదీ అంతే. లేచి అందరివీ చూశాను. అన్నీ అంతే.

పుస్తకాలు వచ్చి నెలలు గడిచాయి. అంతమంది పిల్లలు, చిరుతల దెబ్బ తప్పకుండా, ఎద్దును రోజూ సింహాసనం ఎక్కించారు. అక్కడ నుంచి రాజ్యం కూడా చేయించారు. గోడ దగ్గర ఆగి విన్న ఊరివాళ్ళు శెభాష్ అన్నారు. పక్క గదిలో మూడో తరగతికి ఎక్కాలు చెబుతూ నేను కూడా విన్నాను. అక్కడే నేల మీద చతికిలబడ్డాను. పిల్లలు దాన్ని కూడా పాఠంలో భాగమనుకుని కూర్చున్నారు.

ఇన్‌స్పెక్టర్ గారి పాదం

పెద్దసారు తిరిగి వచ్చీ రాగానే చెప్పాను. నా మాట నమ్మకపోవడంలో ఆయన తప్పేమీ లేదు. అంతకు ముందు నెల, బడి గంటకు గవర్నమెంటు వారు సెలవు మంజూరు చేశారని చెప్పి నేను అటెండరును ఒక పూటంతా మోసం చేశాను.

“నీకు మస్కిరి ఎక్కువైంది భూమయ్యా. ఎల్లుండి ఇన్‌స్పెక్టర్ సారు వస్తుండు. పరేషాన్ చెయ్యకు.”

“సార్, ఒక్కసారి పేజీ నంబర్లు చూడుండ్రి.”

“నాకు పుస్తకంతోని పనేంది? మొత్తం నోటికొస్తది” అన్నారాయన గర్వంగా. అది నిజమే. ఎద్దు సింహాసనంతో సహా.

ఇన్‌స్పెక్షన్ నాడు బడి ముందు ముగ్గు, సర్పంచి కుర్చీ, పిల్లల తలలకు నూనె. పిల్లలు పాడు చేస్తే తమ మీదికి వస్తుందని తల్లులు కూడా వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. లచ్చవ్వ తంబాకు వాసన చేతులను కొంగులో దాచుకుని ఒక చివర నిలబడింది. తన పిల్ల సంగతి ఆ రోజు తేలిపోతుందని ఆమెకు తెలుసు.

ఇన్‌స్పెక్టర్ గారు కూర్చున్నారు. పెద్దసారు చిరుతలు ఎత్తారు. ఏ పాఠం వినిపించాలో ఎన్నుకోవడంలో దేవుడు నా వైపు ఉన్నాడు. మల్లయ్య అంగడికి బయలుదేరాడు. వాగు దాటాడు. నేను ఊపిరి బిగబట్టి ఇన్‌స్పెక్టర్ గారి మొహం వైపు చూశాను. ఎద్దు సింహాసనం మీద కూర్చుంది. ఆయన మొహంలో ఒక్క వెంట్రుక కదలలేదు. కదిలింది ఆయన పాదం. తాళం వేస్తోంది. సర్పంచి తల ఊపుతున్నాడు. ఎద్దు మంత్రిని పిలిచి ప్రజలు సుఖముగా ఉన్నారా అని అడిగింది. సుఖముగానే ఉన్నారు ప్రభూ అన్నాడు మంత్రి.

 నవ్వు కూడా రాలేదు. నవ్వడానికి పక్కన ఇంకొకడైనా ఉండాలి కదా.

“శెభాష్ వీరేశం” అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. “అందరూ ఇట్లాగే చదువుతారా?”

“ఒక్క పిల్ల తప్ప సార్. గామెను ఈ ఏడు ఆపుదామనుకుంటున్న.”

“ఏదీ, చదవనీ.”

రాజమణి కుండ పక్క నుంచి లేచింది. మల్లయ్య బయలుదేరాడు. ఎద్దు వెనక్కి తిరిగి చూసింది. రాజమణి ఆగింది. పెద్దసారు మెల్లగా చిరుతలు తట్టారు. ఆమె కదలలేదు. ఇంకోసారి తట్టారు. గోడ పక్కన లచ్చవ్వ కళ్ళు మూసుకుంది.

“ఎందుకు ఆగావమ్మా?” అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

“కథ తెగిపోయింది సార్.”

“తెగిపోవడమేమిటి? ఇప్పుడే కదా అందరూ చదివారు?”

“ఎద్దును అమ్మిండ్రా లేదా చెప్పలే సార్. మా బాపు గూడ మా ఎద్దును గట్లనే తోల్కపోయిండు. ఈ పాఠంల ఏమైందో చూద్దామంటె, రాజు వచ్చిండు.”

ఇన్‌స్పెక్టర్ గారు పుస్తకం అందుకున్నారు. పేజీ తిప్పారు. వెనక్కి తిప్పారు. ఇంకో పుస్తకం అడిగారు, ఇంకోటి అడిగారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెద్దసారుకు, నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా అన్నారు.

“వీరేశం, మన పంచాయతీ సమితిలో అన్ని బళ్ళకూ ఇవే పుస్తకాలు వచ్చాయి. ఈ నెలలో నేను తిరిగిన ప్రతి బడిలోనూ ఈ పాఠం విన్నాను. అన్నిచోట్లా ఎద్దు కూర్చుంది. అన్నిచోట్లా నేను శెభాష్ అన్నాను.”

పెద్దసారు చేతుల్లోంచి రెండు చిరుతలూ జారి కింద పడ్డాయి. పిల్లలు ఆ రెండు దెబ్బలను చుక్క అనుకున్నారేమో, తర్వాతి వాక్యం కోసం చూశారు.

ఆ ఇన్‌స్పెక్టర్ గారంటే నాకు ఈ రోజుకీ గౌరవం. తర్వాత నేను చూసిన అధికార్లలో చాలామంది పుస్తకం మూసేసి, జీపెక్కి, ఆ పిల్ల పొగరు గురించి రాసి ఉండేవారు. ఆయన మాత్రం రాజమణిని పాసు చెయ్యమని చెప్పి, భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయారు. అప్పటికే కోడి కూర వండారు. సర్పంచి, నేను తిన్నాం. అంత దిగ్భ్రాంతిలోనూ బాగుంది.

లచ్చవ్వ వాకిలి

కథ ఇక్కడితో సుఖాంతమైతే నాకూ బాగుండేది. మర్నాటి నుంచి రాజమణి బడికి రాలేదు.

నేను ఇంటికి వెళ్ళాను. వాకిట్లో లచ్చవ్వ, పక్కనే రాజమణి. రెండు చాటలు. రెండోది కొత్తది.

“పాసైంది గదనే లచ్చవ్వా! ఇంక ఫికరేంది?”

“పాసైతె ఏంది సారూ? ఊరందరి ముందట పెద్దసారు మొఖం నేలకేసింది. ఆయన మా పెండ్లికి పెద్ద. రేపు ఆయన ముందట ఎట్ల నడువాలె? నోరున్న పిల్లను ఎవలు చేసుకుంటరు? నాకద్దు ఈ సదువు.”

 చదువు రాకపోతే బీడీలన్న తల్లి, వచ్చినందుకూ బీడీలే అంటోంది. ఆమె లెక్కలో తప్పు పట్టడానికి చూశాను, దొరకలేదు. ఏదో ఒక హాస్యం ఆడి బయటపడదామనుకున్నాను. ఆమె నా వైపు చూడనే లేదు, ఆకు కత్తిరిస్తోంది.

ఆదివారం కరీంనగర్ వెళ్ళి, తెలిసిన పంతుళ్ళ ఇళ్ళన్నీ తిరిగాను. కిందటేటి పుస్తకం ఒకటి దొరికింది. అందులో జారిపోయిన పేజీలు ఉన్నాయి. తెచ్చి పెద్దసారుకు ఇచ్చాను. ఆయన అరుగు మీద కూర్చుని, వేలు పెట్టుకుని, తాళం లేకుండా చదివారు. చాలాసేపు పట్టింది. తర్వాత కండువా భుజాన వేసుకుని, “నడువ్” అన్నారు.

పెద్దసారు తన వాకిట్లోకి రావడం చూసి లచ్చవ్వ చాట పక్కన పెట్టి లేచింది. “తప్పైంది సారూ. చిన్న పోరి, దానికేం తెల్వది...”

“తెల్వనిది నాకు. గీ పిల్లకు ఎద్దు కథ బాకీ ఉన్న. చదువు బిడ్డా.”

రాజమణి చేతులు లంగాకు తుడుచుకుని పుస్తకం అందుకుంది. పక్కింట్లో బీడీలు చేసేవాళ్ళు కూడా చాటలు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. ఎద్దు వెనక్కి తిరిగి చూసింది. మల్లయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంగడిలో ఎవరు ఎంత ఇస్తానన్నా మల్లయ్యకు మనసొప్పలేదు. ఎద్దును తోలుకుని ఇంటికి తిరిగి వచ్చాడు. భార్యాపిల్లలు ఎంతో సంతోషించారు. మూగజీవులను ప్రేమించవలెను.

ఆడవాళ్ళు హాయిగా నిట్టూర్చారు. పెద్దసారు కూడా. నేను ఒక గొప్ప కార్యం ముగించినవాడిలా నిలబడ్డాను.

“గిది అబద్ధం సార్” అంది రాజమణి.

“ఏందే?” అంది లచ్చవ్వ.

“ఇంట్ల తిండికి లేకనే గద ఎద్దును అమ్మనీకి పోయిండు? ముందుగాలనే రాసున్నది. ఎద్దును మల్లా తెస్తె తిండి ఏడికెళ్ళి వచ్చింది? గది చెప్పకుండ సంతోషించిరి అని రాసిండ్రు.”

నేను పుస్తకం తీసుకుని మొదటి పేజీ చూశాను. ఉంది. మొదటి పేరాలోనే. పోయిన పేజీలను పట్టుకోవడమే గొప్పనుకున్నాను నేను. ఆ పిల్ల, ఉన్న పేజీల్లో లేనిదాన్ని కూడా పట్టుకుంది. చదవడమంటే ఏమిటో ట్రైనింగులో నాకు చెప్పినదంతా ఆ క్షణాన మట్టిలో కలిసింది. పెద్దసారు నా వైపు, నేను ఆయన వైపు చూసుకున్నాం. 

లచ్చవ్వ మాత్రం కూతురి వైపే చూస్తోంది. ఆమె మొహంలోని భయం పోలేదు కానీ, దాని పక్కన ఇంకోటి ఏదో వచ్చి కూర్చుంది.

“సారూ” అంది పెద్దసారుతో, “మా ఇంటాయనను పంపిన ఏజెంటు గూడ గిట్లనే గీ వాకిట్లనే కూసోని కాయిదం సదివిండు. నీళ్ళు వారినట్టు సదివిండు. డైవరు పని, సల్లటి రూము, ఇంటికి పైసలు. మేమందరం తలకాయలు ఊపినం. ఆడికి పోయినంక ఎండల గొర్లు కాస్తుండు. ఆనాడు గా కాయిదం కాడ అడ్డమొచ్చి, గిదెట్ల అయితది అని ఒక్కలన్న అడుగలే.”

 లచ్చవ్వ కొత్త చాటను తన వైపు లాక్కుని, అందులోని ఆకును తన చాటలోకి వంచుకుంది.

“రేపటి సంది బడికి తోలుత” అంది. తర్వాత కత్తెర అందుకుని, కూతురి వైపు తిరిగింది. “మల్లా మొదటి నుంచి సదువే. జర నిమ్మలంగ సదువు. నాకు తెల్వకపోతె ఆపుత.”